పన్నెండో ఫోను

యాభై ఒకటో ఏడు వచ్చేదాకా నాకు అక్షరం రాదు. అంతకు ముందు జరిగినవేవీ అప్పటికప్పుడు రాయలేదంటే కారణం అదే. అక్షరాలు వచ్చి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో రెండు నోటుబుక్కులు నింపాను. మా నాయన గొర్రెల మంద గురించి రాశాను. జమ్మలమడుగు దగ్గర పెన్నలో ఇసుక తవ్వి చెలమ నీళ్లు తోడుకున్న ఎండాకాలాల గురించి రాశాను. ప్రొద్దుటూరుకు కాపురానికి వచ్చిన కొత్తలో మిద్దె మెట్లు దిగడానికి భయపడి కూర్చుని దిగిన సంగతి కూడా రాశాను. ఈ ఒక్క సంగతి మాత్రం రాయలేకపోయాను. నేను రాసింది మొదట చదివేది మా కోడలు, తప్పులు దిద్దేది కూడా ఆమే. ఆమెకు చెప్పని మాట ఒకటి నా దగ్గర ఉండింది. నోటితో చెప్పకుండా దాన్ని నోటుబుక్కులో పెట్టి ఆమె ముందుకు తోయడం నాకు చేతకాలేదు. నోటితో చెప్పాను కనుక ఇప్పుడు రాస్తున్నాను.

మా కోడలిది పులివెందుల. అక్కడే ఇంజనీరింగు చదివింది. మావాడు కలమల్ల దగ్గర థర్మల్లో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. పెళ్లయి వచ్చాక ఆమె ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఫోన్లలోకి యాప్‌లు తయారు చేసేది. ఏ కంపెనీ కిందా కాదు. తనే అనుకోవాలి, తనే చేయాలి, చెడిపోతే తనే సరిచేసుకోవాలి. మొదట్లో అది నా కంటికి పనిలాగా ఆనేది కాదు. ఒకరోజు పక్కింటామె వచ్చి, "మీ కోడలు ఏం చేస్తాంటాది పొద్దస్తమానం?" అని అడిగితే, "ఏముండాది, ఫోను చూస్తాంటాది" అన్నాను.

లోపల నుంచి వినింది. "అత్తా, నువ్వు చిన్నప్పుడు గొర్రెల్ని చూస్తాంటివి కదా. ఊరికే చూస్తాన్యావా?" అంది. పక్కింటామె నవ్వింది. నేను మాట మార్చాను.

నాకు చదువు మొదలైంది ఒక బస్సు వల్ల. జమ్మలమడుగు ఆసుపత్రిలో మోకాలు చూపించుకోవాలని బయలుదేరాను. బస్టాండులో ప్రతిసారీ ఎవరినో ఒకరిని ఈ బస్సు ఎక్కడికి పోతుందని అడగాలి. కొందరు చెప్తారు, కొందరు బోర్డు వైపు చేయి చూపించి పోతారు. ఆ రోజు అడగబుద్ధి కాలేదు. పోయినసారి ఎక్కిన రంగు బస్సు కనపడితే ఎక్కేశాను. అది నన్ను ఎర్రగుంట్లలో దింపింది. రోడ్డు పక్కన సిమెంటు లారీల దుమ్ములో నిలబడి కోడలికి ఫోను చేశాను. ఆమె ఏమీ అనలేదు. ఎదురుగా ఉన్న బస్సు నంబరు అడిగి, దాంట్లోనే వెనక్కి రమ్మంది. అంకెలు మాత్రం నాకు వచ్చు.

ఆ సాయంత్రం కాగితం మీద బస్సు బొమ్మ గీసి, దాని నెత్తిన ఆరు అక్షరాల బోర్డు రాసింది. "అ ఆ లు తర్వాత నేర్చుకుందువులే అత్తా. ముందు నీకు యాడికి పోవాల్నో అది చదువు" అంది. అట్లా ఊర్ల పేర్లతో మొదలుపెట్టాను. ఆ తర్వాత రేషను చీటీ, మందుల అట్ట, ఫోనులో చుట్టాల పేర్లు. ఆరు నెలలకు, నాకు చెప్పిన వరుసలోనే ఆ పాఠాలన్నీ ఆమె ఒక యాప్‌గా కట్టింది. తెర మీద అక్షరం కనపడుతుంది, దాని మీద వేలితో దిద్దాలి, గొంతు పలుకుతుంది. ఆ గొంతు నాదే.

"టీవీలో మాట్లాడే పిల్లలెవరన్నా చెప్తే బాగుంటాది కదా, నా గొంతెందుకు?" అన్నాను.

"వాళ్లు మాట్లాడితే మన ఆడోళ్లు ఇది బడి అనుకుని పారిపోతారు. నువ్వు చెప్తే పక్కింటామె చెప్పినట్టు ఉంటాది."

అందుకే ఆ యాప్‌లో ఎవరైనా గీత తప్పు గీస్తే, "తప్పుపాయ. మళ్లా గీయి. ఎవరూ చూడ్లేదులే" అంటాను. ఆ మాట ఆమె రాసింది కాదు, నేనే అనేశాను. ఆమె ఉంచేసింది. కువైటులో ఇళ్లలో పనిచేసే ఒకామె, మన జిల్లా ఆమే, "ఎవరూ చూడ్లేదులే అంటావు చూడక్కా, దానికోసమే అప్పుడప్పుడూ తప్పు గీస్తా" అని గొంతు రికార్డు చేసి పంపింది. కోడలు దాన్ని నాకు నాలుగుసార్లు వినిపించింది.

యాప్ స్టోరులో అది రెండేళ్లు ఉంది. ఆమె చేసిన వాటిలో ఆమెకు బాగా ఇష్టమైంది అదే. తర్వాత కాన్పుకు పుట్టింటికి పోయింది.

తొలికాన్పు. మనవరాలు పుట్టింది. మా వియ్యపురాలు పాతకాలం మనిషి, నేనూ అంతే. బాలింతకు చెవుల్లో దూది, తలకు గుడ్డ, పూటకు ఇంత కాయం మందు. ఫోను చూస్తే కళ్లు పోతాయని ఆమె కూతురి చేతిలోది లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. కంప్యూటరయితే సంచిలోంచి బయటికే రాలేదు. నేను సాయానికని నెలన్నర పైగా పులివెందులలోనే ఉన్నాను.

ఆ ఫోను రోజూ బీరువాలోనే లేదు. మధ్యాహ్నం తల్లీబిడ్డా నిద్రపోయాక మా వియ్యపురాలు చీనీ తోట, అదే బత్తాయి తోట దగ్గరికి పోతూ, బిడ్డ గుడ్డలు కావాల్సి వస్తాయని బీరువా తాళంచెవి నాకిచ్చి పోయేది. ఫోను తీసి ఛార్జింగు పెట్టేదాన్ని. ఛార్జింగు ఎక్కేంతసేపు పక్కన కూర్చుని, వచ్చినవి చదివేదాన్ని. నేను చదువుకోవాలనే కోడలు తన ఫోను భాషను కూడా తెలుగులోకి మార్చి పెట్టింది. కొత్తగా చదువు వచ్చినవాళ్లకు ఏది కనపడినా చదవాలనిపిస్తుంది. అంగడి బోర్డు, అగ్గిపెట్టె, గోడ మీది ఎన్నికల రాత, ఏదైనా సరే. ఇంకొకరి ఫోనులో వచ్చినవి చదవకూడదనే జ్ఞానం నాకు అప్పటికి రాలేదు.

అట్లా ఒక మధ్యాహ్నం ఆ మెయిల్ వచ్చింది. చదవడానికి అరగంట పట్టింది. మీ గుర్తింపు నిరూపించుకోండి, కార్డులు పంపండి, గడువులోగా పంపకపోతే మీ ఖాతా మూసివేయబడుతుంది, అని ఉంది.

మా యాప్‌లో చివరి పాఠాల్లో ఒకటి దొంగ మెసేజుల గురించి. మా వీధిలో ఒకామెను ఎవరో ఫోనులో బెదిరించి మోసం చేశాక కోడలు ఆ పాఠం రాసింది. 'ఖాతా మూసేస్తామని భయపెట్టి, కార్డులు పంపమని ఎవరన్నా అడిగితే అది దొంగ మెసేజు. జవాబివ్వద్దు. తీసేయి.' అది చదివింది కూడా నా గొంతే. రికార్డు చేసేటప్పుడు సరిగ్గా రాక పదిసార్లు చెప్పించింది. కాబట్టి నాకు కంఠతా వచ్చు.

చెత్తబుట్ట బొమ్మ నొక్కి తీసేశాను. ఎవరో దొంగలు బాలింత మీద పడబోతే అడ్డంపడినంత ధీమాగా ఉండింది. తర్వాత ఇంకో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ తీసేశాను. మూడోసారికి చదవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

అది దొంగలు పంపింది కాదని మూడో నెలలో, తల్లీబిడ్డా ప్రొద్దుటూరుకు వచ్చాక తెలిసింది. కోడలు కంప్యూటరు తెరిచి చూసి నాకు చెప్పింది. యాప్ స్టోరువాళ్లు కొత్త పాలసీ తెచ్చారంట. ఇకమీదట యాప్ పెట్టే ప్రతివాళ్లూ తామెవరో కార్డులు చూపించి రుజువు చేసుకోవాలి. గడువు దాటింది. ఖాతా మూసేశారు. యాప్ స్టోరులోంచి పోయింది. అప్పటికే ఫోనులో పెట్టుకున్నవాళ్లకు ఉంటుంది. కొత్తవాళ్లకు దొరకదు, ఫోను మార్చినవాళ్లకు మళ్లీ రాదు.

ఆమె వాళ్లకు రాసింది. మూడుసార్లు చెప్పాం అని జవాబు వచ్చింది. చెత్తబుట్టలో పడినవి నెల తర్వాత వాటంతటవే చెరిగిపోతాయట. వెతికినా ఆమెకు కనపడలేదు. ఏదో పనికిమాలిన మెయిళ్లతోపాటు కొట్టుకుపోయి ఉంటాయి, ఫోను చేతిలో ఉంటే ఒక్కటన్నా చూసి ఉండేదాన్ని అనుకుంది. వెంటనే వాళ్లమ్మకు ఫోను చేసింది.

"నీ కండ్లు పోతాయి, కండ్లు పోతాయి అని బీరువాలో పెడితివే, ఇప్పుడు చూడు ఏం పోయిందో!"

అవతల వాళ్లమ్మ ఏమందో నాకు వినపడలేదు. నేను అక్కడే కూర్చుని చింతపండు పిక్క తీస్తున్నాను. చెప్పాల్సిన క్షణం అదే. రేపు చెబుదాం అనుకున్నాను. మరుసటి రోజు తల్లీకూతుళ్లు మళ్లీ మాటామాటా అనుకున్నారు. ఆ తర్వాత మాట్లాడుకోవడమే మానేశారు. ఇక నేను చెప్పాలంటే మొదట తీసేసిన సంగతి, తర్వాత దాచిన సంగతి, రెండూ చెప్పాలి. రోజు గడిచేకొద్దీ రెండోదే పెద్దదయింది.

అప్పట్లో నాకు మా నాయన తరచుగా గుర్తొచ్చేవాడు. నేను పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, మేము ఎప్పుడూ మంద తోలే గుట్ట కింద ఒక పొద్దున కొత్త బోర్డు పాతి ఉంది. మాలో ఒక్కరికీ చదవను రాదు. నాయన దాని కర్రను పట్టి ఊపి చూసి, గట్టిగానే పాతినారే అని, ఎప్పటిలాగే గొర్రెల్ని పైకి తోలాడు. మధ్యాహ్నానికి ఫారెస్టువాళ్లు మందను కట్టేశారు. ఇంతకాలం మేసిన గుట్ట ఇది, అని నాయన చేతులు కట్టుకుని చెప్తూనే ఉన్నాడు. బోర్డు పెట్టినాం కదా, అని వాళ్లు అంటూనే ఉన్నారు. చదువొచ్చి ఉంటే ఆ రోజు తప్పేది అని నా జీవితమంతా అనుకున్నాను. ఇప్పుడు నాకు చదువు వచ్చింది. బోర్డులోని ప్రతి అక్షరం చదివాను. అది ఎవరి బోర్డో తెలుసుకోలేకపోయాను. చదవడం వేరు, చదివినదాన్ని నమ్మాలో వద్దో తెలియడం వేరని యాభై నాలుగో ఏట నాకు తెలిసింది.

కోడలు కొత్త ఖాతా తెరిచింది. ఈసారి కార్డులన్నీ వెంటనే పంపింది. కానీ కొత్తగా తెరిచేవాళ్లకు ఇంకో షరతు ఉంది. యాప్‌ను లోకానికి చూపించే ముందు పన్నెండు మంది తమ ఫోన్లలో పెట్టుకుని, పద్నాలుగు రోజులు ఎడతెగకుండా వాడాలి. వాళ్లను టెస్టర్లంటారు. పన్నెండులో ఒకరు తగ్గినా ఆ రోజు లెక్కలోకి రాదు.

ఆమెలాగా ఒంటరిగా యాప్‌లు చేసుకునేవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లందరికీ ఫోనులో ఒక గ్రూపు. నువ్వు నాది పెట్టుకో, నేను నీది పెట్టుకుంటా, ఇదీ వాళ్ల ఒప్పందం. మా ఇంట్లో ఒక పాత ఫోను నిండా ఎవరెవరివో యాప్‌లు చేరాయి. టార్చిలైటు, రాశిఫలాలు, చేపల చెరువుకు మేత లెక్క, కోళ్లు అరిచినట్టు అరిచే అలారం. వాటన్నింటినీ రోజుకొకసారి తెరిచి మూయాలి. ఆ పని నేను తీసుకున్నాను. పొయ్యి మీద పప్పు ఉడికేలోపల, దొడ్లో కోళ్లకు గింజలు వేసినట్టు వరుసగా ఒక్కోదాన్నీ తెరిచేదాన్ని. అలారం తెరిస్తే మనవరాలు ఉలిక్కిపడేది.

పద్నాలుగు రోజులయ్యాక స్టోరు జవాబు వచ్చింది. మీ టెస్టర్లు యాప్‌ను నిజంగా వాడినట్టు లేదు, మళ్లీ చేయండి, అని.

"వాళ్లు చెప్పింది నిజమే కదత్తా" అంది కోడలు. "వాళ్లందరికీ చదువొచ్చు. అక్షరాలు దిద్దే యాప్ వాళ్లేం వాడతారు? తెరుస్తారు, మూస్తారు."

"చదువు రానోళ్లను నేను పిలుచుకొస్తా. పన్నెండు మందేనా? ఈ వీధిలోనే దొరుకుతారు" అన్నాను.

అప్పటికే ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు ఆమెను కంప్యూటరు టీచరుగా రమ్మని అడుగుతున్నారు. "ఈసారి కూడా కాకపోతే దీన్ని వదిలేసి బడికి పోతా అత్తా. మళ్లీ మళ్లీ నా వల్ల కాదు" అంది. బడి పని చెడ్డదేమీ కాదు. కానీ నా వేలు పడి ఆగిపోయిన పని అది. దాన్ని ఆమె వదిలేస్తే, ఎందుకు వదిలిందో తెలిసినదాన్ని ఆ ఇంట్లో నేనొక్కదాన్నే.

మా వీధిలో తొమ్మిది మందిని, జమ్మలమడుగు దగ్గర మా పుట్టినూరి నుంచి మా తమ్ముడి భార్యతో కలిపి ముగ్గురిని కూడగట్టాను. అందరూ ఫోన్లు పట్టుకుని ఒక ఆదివారం మా వరండాలో కూర్చున్నారు. కోడలు ఒక్కొక్క ఫోనూ చూస్తూ పోయింది. నాలుగో ఫోను దగ్గర ఆగింది. మళ్లీ మొదటిది తీసి చూసింది.

"అత్తా, పన్నెండు ఫోన్లలో ఎనిమిదింటికి ఒకే మెయిల్ ఉండాది. స్టోరు లెక్కలో ఈ ఎనిమిది మందీ ఒక్క మనిషే."

ఎవరి మెయిల్ అని చూస్తే, మా వీధి మొగదలలో సెల్లు అంగడి అతనిది. నేరుగా అక్కడికి పోయాను.

"ఏందప్పా ఇది? మా ఆడోళ్ల ఫోన్లన్నీ నీ పేరు మీద ఉండాయి?"

"మరేం చేయమంటావక్కా? కొత్త ఫోను తెరవాలంటే మెయిల్ అడుగుతాది. కొన్నోళ్లకు మెయిల్ ఉండదు. వెనకాల ఇంకో నలుగురు నిలబడుకోని ఉంటారు. నాదే కొట్టి ఇచ్చేస్తి."

"ఎంతమందికి ఇస్తివి?"

"యాడ గుర్తుంటాదక్కా? ఊర్లో పెండ్లిండ్ల ఫోటోలన్నీ నా ఫోనుకే వస్తాంటాయి. మొన్న మీ మనవరాలి పేరు పెట్టింది కూడా చూసినా. పాప బాగుండాది. పాయసం నాకే రాలే."

తిట్టడానికి పోయినదాన్ని నవ్వుతూ తిరిగొచ్చాను. అతన్ని ఏమనాలి? అతను దారి చూపించకపోతే ఆ ఆడవాళ్ల చేతుల్లో ఫోన్లే ఉండేవి కావు. ఇంట్లో ఉన్న ఒక గొడుగు కింద నలుగురు నడిచినట్టు నడిచారు. అటువంటి నడక ఒకటుందని ఆ స్టోరుకు తెలియదు.

ఎనిమిది మందికీ కొత్త మెయిళ్లు చేయడానికి రెండు రోజులు పట్టింది. పుట్టిన తేదీ అడుగుతుంది. కార్డు ప్రకారం అందరూ జనవరి ఒకటో తేదీనే పుట్టారు. పాసువర్డు ఎవరికీ చెప్పకూడదని కోడలు పదేపదే చెప్పింది. మా ఎదురింటామె తలూపి, ఇంటికి పోయేలోపల మరిచిపోతానని భయపడి దారిలో ఇద్దరికి చెప్పి గుర్తుపెట్టుకోమంది.

మొదలుపెట్టాం. ఈసారి నిజంగా వాడారు. పొద్దున పనులయ్యాక వీధిలో పోతుంటే ప్రతి ఇంట్లో నుంచీ నా గొంతే వినపడేది. "తప్పుపాయ, మళ్లా గీయి." బట్టలు కుట్టే మా పక్కింటి సాయిబులామె మిషను తొక్కుతూ నాతో వాదించేది. "తప్పెట్ల పాయె అక్కా, నువ్వే సరిగ్గా చూడు" అని ఫోనుతో అనేది. వాళ్లు చెప్పిన లోపాలు కోడలు రాసుకుంది. కుట్టు పని వేళ్లకు నూనె అంటి ఉంటే గీత పడటం లేదు, అక్షరం ఇంకా పెద్దది కావాలి, గొంతు వెంటవెంటనే తొందరపెడుతోంది. ఆమె ముఖంలో పాత కళ వచ్చింది.

ఆరో రోజు లెక్క పదకొండయింది.

ఎవరు తగ్గారా అని ఇంటింటికీ పోయాను. పక్కింటామె మిషను మీద నుంచి తలెత్తలేదు. "ఆయన కువైటు నుంచి ఫోను చేసి తీసేయమన్యాడక్కా. తెలీనివి ఫోనులో పెట్టుకోవద్దంట. ఎవరన్నా కార్డులడుగుతారు, మోసం చేస్తారు అంటాడు. ఆయనకు ఎదురు చెప్పలేను. నీ మీద నమ్మకం లేక కాదు" అంది.

"ఆయన చెప్పింది మంచి మాటే" అన్నాను. నా నోటి నుంచి అంతకంటే వేరే మాట ఎట్లా వస్తుంది?

ఇంకొకరి కోసం నాలుగు రోజులు తిరిగాను. ఉన్నవాళ్లకు మీటల ఫోన్లు. మంచి ఫోను ఉన్నవాళ్లకు భయం. పదకొండు దగ్గర లెక్క ఆగిపోయింది. శనివారం సాయంత్రం నేను గోగాకు ఒలుస్తున్నాను. కోడలు బిడ్డకు సంగటి మెత్తగా పిసికి పెడుతోంది.

"సోమవారం ఆ స్కూలోళ్లకు వస్తానని చెప్పేస్తా అత్తా" అంది.

"పదకొండు మంది ఉండారు కదా. ఇంకొక్కరే."

"పదకొండుకు వాళ్ల దగ్గర విలువ లేదు."

"మీ అమ్మకు మెయిల్ ఉండాదంటివి కదా ఒకసారి. నువ్వే చేసిస్తివంట. ఆమెకూ సంతకం తప్ప రాదు. ఆమెను అడగరాదూ?"

"అడగను." బిడ్డ మూతి తుడిచింది. "ఆమె ఆ ఫోను బీరువాలో పెట్టకుండా ఉంటే ఈ పన్నెండు మంది బాధే లేదు."

గోగాకు కట్ట కింద పెట్టాను. "ఫోను బీరువాలోనే లేదు. మధ్యాహ్నం పూట నా చేతిలో ఉండేది" అన్నాను.

ఆమె తలెత్తింది.

"ఆ మెయిళ్లు నేను చూసినా. దొంగ మెసేజు అనుకుని తీసేసినా."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు."

"చదివే తీసేసినావా, చదవకుండానా?"

"చదివే. ప్రతి అక్షరం చదివినా. మీ ఖాతా మూసివేయబడుతుంది అని ఉండె."

"మూసివేయబడుతుంది అని చదివినావా? అంత పెద్ద మాట నీకెప్పుడొచ్చింది అత్తా?" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో టీచరు కనపడింది. మరుక్షణం పోయింది. "ఆ పాఠం రాసింది నేనే" అని తనలో తను అనుకుంది. తర్వాత గొంతు మారింది. "అది సరే, తెలీక తీసేసినావు. తెలిసినాక ఎందుకు చెప్పలే? నేను మా అమ్మను అన్ని మాటలంటాంటే పక్కనే కూర్చుని చింతపండు ఒలుస్తాంటివే!"

భయమేసింది అన్నాను. ఎవరంటే భయం, నేనంటేనా, అని అడిగింది. అవునన్నాను. నిజమే. నా అత్తంటే నేను భయపడ్డ రోజులున్నాయి. కోడలంటే భయపడతానని ఎన్నడూ అనుకోలేదు. ఆమె నాకు అక్షరాలు నేర్పింది. ఆమె ముందు మళ్లీ ఏమీ తెలియని మనిషిగా నిలబడాలంటే ప్రాణం ఒప్పుకోలేదు. ఇది అప్పుడు చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను.

బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ పూట అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది. వాళ్లమ్మకు ఫోను చేస్తుందేమోనని చూశాను. చేయలేదు. చేసి ఏమని మొదలుపెట్టాలో ఆమెకూ తెలియలేదనుకుంటాను. ఆ మొదటి మాట అనాల్సింది నేను.

మరుసటి రోజు పొద్దున తలకు పోసుకుని, ఎవరికీ చెప్పకుండా పులివెందులకు మొదటి బస్సు పట్టుకున్నాను. పోయేసరికి మా వియ్యపురాలు వసారాలో చీనీకాయలు రాశి పోసి, మచ్చపడినవి వేరు చేస్తోంది. నన్ను చూసి లేవబోయింది.

"ఏంది వదినా ఈ పొద్దున? బిడ్డ బాగుండాదా?"

"బిడ్డ బాగుండాది. నువ్వు కూర్చో" అని, నేను నిలబడే అంతా చెప్పాను. తాళంచెవి సంగతి, మూడు మెయిళ్లు, చింతపండు, పదకొండు ఫోన్లు, సోమవారం. ఆమె చేతిలో కాయ అట్లాగే ఉంది.

"నా కూతురు నాతో మాట్లాడి ఎన్నాళ్లాయనో తెలుసునా నీకు?" అంది చివరికి.

"తెలుసు."

"నేనేమో నా చాదస్తం వల్లే దాని బతుకు చెడిపాయనని దేవునికి ముడుపు కట్టినా. నువ్వు కమ్మగా ఫోను చదువుకుంటాన్యావు!"

"కమ్మగా లే వదినా."

"నాకు చెప్పగాకు. ఆడ ఎన్నాళ్లు గమ్మునుంటివి!" కాయను మచ్చపడిన వాటిలోకి విసిరింది. అది మంచి కాయే. నేను వంగి తీసి ఇవతల పెడితే, "ఉండనీ, ముట్టుకోవద్దు" అంది.

రాశి పూర్తయ్యాక లేచి చేతులు కడుక్కుని లోపలికి పోయింది. మంచినీళ్లు తెస్తుందనుకున్నాను. ఫోను తెచ్చింది. పన్నెండో మనిషిగా నన్ను పెట్టుకుంటారా, అని అడగలేదు. యాప్ పెట్టుకుంటాననీ అనలేదు. నేను అలవాటుగా ఫోను కోసం చేయి చాపాను. ఆమె ఫోనును గుండెకు ఆనించుకుంది.

"నీ చేతికిచ్చేది లేదు. యాడ నొక్కాల్నో నోటితో చెప్పు" అంది.

రెండడుగులు దూరంగా నిలబడి, ఎక్కడ నొక్కాలో చెప్పాను.